రెండు గుంటల భూమీ, నా ఫ్రెంచ్ చదువూ

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే నర్సింలన్న ఫోన్ చేశాడు. మేం నాన్నను బాపు అంటాం, ఆయన అన్నను పెద్దబాపు అంటాం. నర్సింలన్న మా పెద్దబాపు కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లోనే ఉంటాడు. ఫోన్లో బాగున్నావా, తిన్నావా అని అడగడం ఆయనకు అలవాటు లేదు. "బుధవారం సర్వేయర్ వస్తున్నది చెల్లె. మన రెండు పొలాల నడుమ గెట్టు కొలుస్తరట. పాస్‌బుక్కుల ఏదో తేడా పడ్డది. నువ్వు రావాలె," అన్నాడు. నేనెందుకన్నా అని అడిగాను. "మీ బాపు పొలం నీ పేరు మీదున్నది కద. ఇంకోటి, అప్పుడు కొలిసింది నువ్వే," అన్నాడు. ఫోన్ పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగి పోయేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.

నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. పెద్దబాపుకు చెందాల్సిన రెండు గుంటల నేలను, అంటే ఎకరంలో ఇరవయ్యో వంతును, నేను నలుగురి ముందు అబద్ధమాడి మా బాపుకు ఉంచేశాను. ఒప్పుకుందామంటే ఇద్దరూ లేరు. పెద్దబాపు పోయి పదకొండేళ్లు, బాపు అంతకు ముందే పోయాడు. నేల మాత్రం ఉన్నచోటే ఉంది. బుధవారం పోయి, ఉన్నదున్నట్టు చెప్పి, ఆ రెండు గుంటలూ నర్సింలన్నకు రాసిచ్చేద్దామని పాలగిన్నె తోముతూ నిర్ణయించుకున్నాను. మా పొలం కౌలుకు చేసేది కూడా నర్సింలన్నే కాబట్టి, ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ రెండు గుంటల అన్నం తినేది ఆయనే. అయినా ఇవ్వాలనే అనుకున్నాను. అయితే ఇదంతా చెప్పాలంటే కామారెడ్డిలో ఫ్రెంచ్ నుంచి మొదలుపెట్టాలి.

నేను కామారెడ్డిలో డిగ్రీ చదివినప్పుడు నా ముఖ్యమైన సబ్జెక్టు జాగ్రఫీ, రెండో భాష ఫ్రెంచ్. ఫ్రెంచ్ ఎందుకు తీసుకున్నావని ఇప్పటికీ అడుగుతారు, ఏదో గొప్ప కారణం చెబుతానని ఎదురుచూస్తారు. తెలుగు తీసుకుంటే అరవై మార్కులొస్తాయి, ఫ్రెంచ్ తీసుకుంటే తొంభై వస్తాయి. అంతే. క్లాసులో ఆరుగురం, ఆరుగురిదీ అదే కారణం. సార్ సికింద్రాబాద్ నుంచి ప్యాసింజర్ రైల్లో వారానికి రెండుసార్లు వచ్చేవారు. రైలు టైముకొస్తే పాఠం ఉండేది, లేకపోతే లేదు. భవిష్యత్ కాలం చెప్పాల్సిన రెండు వారాలూ రైలు లేటే. అందువల్ల మా బ్యాచ్ వాళ్లకు జరిగిపోయినవి ఫ్రెంచ్‌లో చెప్పడం వచ్చింది, జరగబోయేవి చెప్పడం రాలేదు. మీరు ఫ్రాన్స్ చూశారా సార్ అని ఒకమ్మాయి అడిగితే, "నేను చూస్తే నీకు మార్కులెక్కువ వేస్తరా," అన్నారాయన. మంచి ఉపాధ్యాయుడు.

నాకు ప్రాణం మాత్రం జాగ్రఫీ. అందులోనూ ప్లేన్ టేబుల్ అంటే మరీను. మూడు కాళ్ల మీద నిలబెట్టే చెక్క పలక అది. దాని మీద కాగితం పరిచి, దిక్సూచి డబ్బా పెట్టి, పలకను ఉత్తరానికి సరిచేసి, చీలిక ఉన్న ఒక బద్ద గుండా దూరాన ఉన్నదాన్ని చూస్తూ గీత గీస్తే, ఎదురుగా ఉన్న నేల కాగితం మీదికి వచ్చేస్తుంది. మొదటిసారి కాలేజీ గేటునీ, నీళ్ల ట్యాంకునీ అట్లా కాగితం మీదికి తెచ్చినప్పుడు నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. హైదరాబాద్ పోయి యూనివర్సిటీలో జాగ్రఫీయే చదవాలని అప్పుడే అనుకున్నాను. ఇంట్లో వాళ్లకు మాత్రం జాగ్రఫీ అంటే భూములు కొలిచే చదువు. రుతుపవనాలు, అగ్నిపర్వతాలు కూడా ఉంటాయని మా అమ్మకు చెప్పబోయాను. మేం అమ్మను అవ్వ అనేవాళ్లం. "అగ్నిపర్వతాలు మన దిక్కు లేవు కద బిడ్డా. పొలాలున్నయి. గవి నేర్చుకో," అంది అవ్వ. నేనూ ఇంక దిద్దలేదు. ఊరంతా నన్ను కాబోయే పట్వారీ అనుకుంటుంటే లోపల కొంచెం బాగానే ఉండేది.

మాది ఒకటే ఇల్లు, నడుమ గోడ. గోడకు అటు పెద్దబాపు వాళ్లు, ఇటు మేము. గోడకు దర్వాజ ఉండేది కానీ తలుపు ఉండేది కాదు. అటు ఎండుమిరపకాయలు వేయించితే ఇటు తుమ్మేవాళ్లం. పెద్దమ్మ తెల్లవారుజామునే జొన్నరొట్టెలు చేసేది, ఆ చప్పుడుకే మేం లేచేది. మొదటి బస్సు అందుకోవాలంటే రోడ్డు దాకా రెండు మైళ్లు. నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని తీసుకుపోయేది పెద్దబాపే. ఆయన బీడీ వాసనా, సైకిల్ చైన్‌కు పూసిన నూనె వాసనా కలిసి నా పుస్తకాలకు పట్టేవి. బాపుకు పొద్దున బర్రెల పని ఉండేది. అది కారణం కాదు, పెద్దబాపుకు నన్ను దింపడం ఇష్టం. దారిలో ఎవరు కనబడినా సైకిల్ ఆపి, "ఫిరంగి చదువు చదువుతున్నది," అని చెప్పేవాడు. ఫ్రెంచ్‌కు ఆయన పెట్టుకున్న పేరు అది. చెప్పి చెప్పి ఒక్కోసారి బస్సు పోయేది.

సాయంత్రం ఫ్రెంచ్ అప్పజెప్పేది కూడా ఆయనకే. పెద్దబాపుకు చదువు రాదు. పుస్తకం మీద ఎక్కడ ఏ మరక ఉందో దాన్ని బట్టి పేజీ తీసి ఒళ్లో పెట్టుకునేవాడు. నేను ఎదురుగా కూర్చుని గడగడా చెబుతుంటే పుస్తకం వైపు చూడకుండా నా నోటి వైపే చూసేవాడు. ఎక్కడైనా తడబడితే చెయ్యెత్తేవాడు. "ఆగినవు. ఆగినవంటే రానట్టే. మళ్ల మొదట్నుంచి." ఆ పద్ధతి తప్పడం నేనెప్పుడూ చూడలేదు. కామారెడ్డి మొత్తంలో నా ఉచ్చారణే బాగుందని సార్ అన్నారంటే, అది చదువురాని మనిషి ఒళ్లో పుస్తకం పెట్టుకుని చేయించినదే.

అప్పటికే ఆయనకూ బాపుకూ మాటల్లేవు. నాట్లకు ముందు ఒడ్డు, అంటే గెట్టు, చెక్కడమని ఒక పని ఉంటుంది. రెండు పొలాల నడుమ ఒడ్డుకు ఎవరి వైపు వాళ్లు గడ్డి తీసి, పారతో అంచు సరిచేస్తారు. పార పడ్డప్పుడల్లా ఒడ్డు నుంచి ఒక పొర పోతుంది. ఇరవై ఏళ్లు చెక్కితే ఒడ్డు ఎటు జరిగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. నువ్వే నా దిక్కు జరిగినవంటే నువ్వే నా దిక్కు జరిగినవని అన్నదమ్ములు ఒకనాడు పారలతోనే నిలబడి అనుకున్నారు. ఒడ్డుకు పడమటి కొసన హద్దురాయి ఉంది. తూర్పు కొసన ఉండాల్సిన రాయి మా పెరట్లో ఉంది, బట్టలుతికే బండగా. ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు. ఉతికేది మాత్రం రెండు ఇళ్ల బట్టలూ దాని మీదే. పారలు పట్టుకున్న ఆనాటి నుంచి రెండేళ్లు ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. చెప్పాల్సింది ఉంటే బాపు మా దూడకు వినబడేట్టు చెప్పేవాడు. "బావి కాడ మోటరు కాలింది, ఇయ్యాల నీళ్లు రావు," అని దూడతో అంటే గోడకు అటు నుంచి పెద్దబాపు దగ్గేవాడు. విన్నానని అర్థం.

డిగ్రీ ఆఖరి సంవత్సరం ఎండాకాలంలో పెద్దబాపే ఒక మాట పంపాడు. "సర్కారు సర్వేయర్ ఎందుకు, మన పిల్ల ఉండంగ. పిల్ల కొలుస్తది. ఎటు చెప్తే అటు." బాపు దూడతో సరేనన్నాడు. నేను మా సార్‌ను బతిమాలి ప్లేన్ టేబుల్ తెచ్చాను. ఎల్లారెడ్డి బస్సులో కండక్టర్ దానికి అర టికెట్ కొట్టాడు. తహసీల్ ఆఫీసు నుంచి నక్షా, అంటే పొలాల పటం, కాపీ నర్సింలన్న తెచ్చిపెట్టాడు. పొలం కాడికి నలుగురు పెద్దమనుషులు వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నారు. వాళ్ల ముందు బాపు, ఎవరూ అడగకుండానే, "ఒక్క గజం నా దిక్కు ఎక్కువున్నదని తేలితే ఈ పొలంల మళ్ల కాలు పెట్ట," అన్నాడు. మా బాపు అన్నాడంటే చేసే మనిషి.

పడమటి రాయి మీద టేబుల్ నిలబెట్టాను. ఎండకు కాగితం తెల్లగా మెరిసి కళ్లు కనబడటం లేదంటే పెద్దబాపు పోయి గొడుగు తెచ్చి, టేబుల్ పక్కనే నాటి, నా నెత్తి మీదికి నీడ పడేట్టు కట్టాడు. దిక్సూచి పెట్టి, నక్షా ప్రకారం పలక సరిచేసి, తూర్పుకు గీత గీశాను. గీత వెంబడి నర్సింలన్నను నడిపించాను. నడుస్తూ నడుస్తూ ఆయన ఒడ్డు దిగి మా బాపు మడిలోకి పోయాడు. తూర్పు కొసకు పోయేసరికి ఒడ్డుకు అయిదు గజాలు మా వైపు ఉన్నాడు. అంటే ఆ మూలంతా పెద్దబాపుది. మనసులో లెక్క వేశాను, రెండు గుంటలు. నర్సింలన్నకు తను ఎక్కడ నిలబడ్డాడో, ఎందుకు నిలబడ్డాడో తెలియదు, చెయ్యి ఊపుతున్నాడు. బాపు నా వైపు చూడటం లేదు, చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"ఎట్లుందే," అన్నాడు పెద్దబాపు. ఎప్పటిలాగే నా నోటి వైపు చూస్తున్నాడు.

"గెట్టు ఉన్నకాడనే ఉంది పెద్దబాపూ," అన్నాను. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు.

"అయితే అయిపాయె," అన్నాడాయన. పెద్దమనుషులు లేచి బట్టలు దులుపుకున్నారు. బాపు, "అన్నా, బీడీ ఉన్నదా," అన్నాడు. రెండేళ్ల తర్వాత అన్నదమ్ముల మధ్య మొదటి మాట అదే. పెద్దబాపు ఒకటి ముట్టించి ఇచ్చాడు. సాయంత్రం ఆయనే పెరట్లో బండను ఎడ్లబండి మీద వేసుకుపోయి తూర్పు కొసన నాటాడు. మర్నాటి నుంచి రెండు ఇళ్ల ఆడవాళ్లూ బట్టలు నేల మీదే ఉతుక్కున్నారు, నన్నూ పెద్దబాపునూ తిట్టుకుంటూ.

హైదరాబాద్ యూనివర్సిటీలో నాకు జాగ్రఫీలోనూ సీటొచ్చింది, ఫ్రెంచ్‌లోనూ వచ్చింది. ఫ్రెంచ్‌లో చేరాను. "భూమి కొలిసే చదువు ఇడిసిపెట్టి గదెందుకే," అని బాపు అడిగాడు. ఉద్యోగాలు ఎక్కువని చెప్పాను. అసలు కారణం చెప్పలేదు. ప్లేన్ టేబుల్ కనబడితే నేను దారి మార్చి పోయేదాన్ని. ఫ్రెంచ్‌లో ఎంత అబద్ధమాడినా ఎవరి పొలమూ పోదు. తీరా చేరాక చూస్తే ఆ ఎం.ఏ.లో ఒక పేపర్ ఫ్రాన్స్ దేశపు భూగోళం. లువార్ నది ఎన్ని వంకలు తిరుగుతుందో, ఎక్కడ ద్రాక్ష పండుతుందో, ఎక్కడ గోధుమ పండుతుందో బట్టీ పట్టాను. క్లాసులో నాకే ఎక్కువ మార్కులు. మా ఊరి మంజీర నది మలుపు అడిగితే మాత్రం చెప్పలేకపోయేదాన్ని. తర్వాత ముప్పై ఏళ్లు హైదరాబాద్‌లో పిల్లలకు ఫ్రెంచ్ చెప్పాను. ఎందుకు తీసుకున్నారని అడిగితే వాళ్లూ మార్కుల కోసమే అన్నారు.

ఫ్రెంచ్ చదవడం పెద్ద నష్టం కాదు. పెద్దబాపు మొహం చూడలేకపోవడమే నష్టం. ఊరికి పోతే గోడకు ఇటువైపే ఉండేదాన్ని. సాయంత్రం అటు నుంచి, "అప్పజెప్పవా బిడ్డా," అని అడిగేవాడు. "ఇది పెద్ద చదువు పెద్దబాపూ, ఇండ్ల అప్పజెప్పుడు ఉండదు," అని ఇటు నుంచే చెప్పేదాన్ని. రెండు మూడుసార్లు అడిగి మానేశాడు. ఒకసారి ఎవరికీ చెప్పకుండా హైదరాబాద్ వచ్చి, నా హాస్టల్ వెతుక్కుని, గేటు దగ్గర సకినాల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. నేను పైన కిటికీ లోంచి చూశాను. లేదని చెప్పమని నా రూమ్మేట్‌ను పంపాను. గంటన్నర ఉన్నాడు. డబ్బా వాచ్‌మన్‌కు ఇచ్చి పోయాడు. సకినాలు రూమ్మేట్లు తిన్నారు. ఆయన చనిపోయినప్పుడు కూడా నేను మూడో రోజుకు పోయాను, పేపర్లు దిద్దే పని ఉందని చెప్పి. నా బతుకులో నేను చేసిన పనుల్లో వీటికంటే నీచమైనవి లేవు. ఇందులో సర్దిచెప్పుకోవడానికి ఏమీ లేదు.

బుధవారం నాడు కామారెడ్డిలో దిగి ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. కామారెడ్డి ఇప్పుడు జిల్లా కేంద్రం. మా కాలేజీ దారిలో కోచింగ్ సెంటర్లు, మొబైల్ దుకాణాలు. బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో ఏదో విదేశీ భాష నేర్చుకుంటోంది, పెదాలు కదుపుతోంది. అసలైన దేశస్థుల గొంతే ఆమెకు వినబడుతూ ఉండొచ్చు, రైలు లేటయ్యే బాధ లేదు. తడబడితే ఆపే మనిషి ఎదురుగా ఉన్నాడో లేదో తెలియదు.

సర్వేయర్ పాతికేళ్ల అమ్మాయి. ఒక కర్ర, కర్ర మీద పుట్టగొడుగంత యంత్రం. ఉపగ్రహాలతో మాట్లాడుతుందట. పడమటి రాయి దగ్గర ఒకసారి, తూర్పు రాయి దగ్గర ఒకసారి నిలబెట్టి, చేతిలో తెర చూసుకుంది. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. నేను గొంతు సవరించుకున్నాను, చెప్పాల్సింది బస్సులో వరస పెట్టుకునే వచ్చాను.

"గెట్టు కరెక్టే ఉంది మేడం. జానెడు తేడా ఉంటదేమో, అంతే. పాస్‌బుక్కుల రాసుడుల తప్పు పడ్డది," అంది ఆ అమ్మాయి.

మళ్లీ కొలవమన్నాను. కొలిచింది. అదే వచ్చింది. ఇంకోసారి అన్నాను. "మేడం, మీరు చదివిందేం సబ్జెక్టు," అని అడిగింది. ఫ్రెంచ్ అన్నాను. "ఓ," అని మర్యాదగా మూడోసారి కొలిచి చూపించింది. గెట్టు కదల్లేదు.

నర్సింలన్న నవ్వాడు. "అప్పుడు నువ్వు చెప్పిందే కద ఇది. నీ మాట మీద నీకే నమ్మకం లేకపాయె. ఆ దినం నాకింకా యాదికున్నది. నీకు ఎండ తగులుతదని బాపు ఇంటికాడికి పోయి గొడుగు తెచ్చిండు. కట్టెలకు ఆగుతలేదని గడ్డపార నాటి, దానికి కట్టిండు."

గడ్డపార. మూడు మూరల ఇనుము, దిక్సూచికి జానెడు దూరంలో. ఇనుము పక్కనుంటే దిక్సూచి ముల్లు దాని వైపు కొంచెం లాగుతుంది. ముల్లు తప్పితే పలక తప్పుతుంది, పలక తప్పితే గీత తప్పుతుంది. గీత ఈ కొసన వెంట్రుకంత తప్పితే ఆ కొసన అయిదు గజాలు తప్పుతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. ప్రాక్టికల్ రికార్డులో జాగ్రత్తలు అనే శీర్షిక కింద, ఇనుప వస్తువులు దగ్గర ఉండరాదు అని ఎర్ర ఇంకుతో రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. నెత్తి మీద నీడ ఎక్కడి నుంచి వస్తోందో తల తిప్పి చూడలేదు. నేను ఆడిన అబద్ధం నిజం. నేను కొలిచింది తప్పు. మా బాపు ఎవరి నేలా తినలేదు, పెద్దబాపుకు ఏ అన్యాయమూ జరగలేదు. ముప్పై ఏళ్లు ఆయనకు మొహం చాటేసింది ఉత్తపుణ్యానికే.

పెద్దమ్మకు తొంభై దాటాయి. కళ్లు సరిగా కనబడవు, చెవులు బాగానే వినబడతాయి. వాకిట్లో చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను, గీత, గుంటలు, అబద్ధం, హాస్టల్ కిటికీ, గడ్డపార, అన్నీ. ఆమె చేతులు ఆపలేదు. అంతా విన్నాక, "గిందుకా నువ్వు రాకపోయింది," అంది. అవునన్నాను.

"మేమే ఏదో తప్పు చేసినమనుకున్నం బిడ్డా," అంది పెద్దమ్మ. "మీ పెద్దబాపు అడగని దినం లేదు. పిల్లను నువ్వేమన్న అన్నవా, నువ్వేమన్న అన్నవా, ఉత్తగ ఎందుకు రాదు అని. ఏమనలేదంటె నమ్మకపాయె. ఏండ్లకేండ్లు ఇదే పోరు. ఆఖరికి నా పాణం ఇసిగి, అవును, నేనే అన్న అని ఒప్పుకున్న."

"ఏమన్నవని చెప్పినవు పెద్దమ్మా," అన్నాను.

"ఎక్కువ చదివితే ఏమొస్తది, గోడకు ఇటు రాకు అని నీతోని అన్న అని చెప్పిన. అప్పుడు నమ్మిండు. అప్పటిసంది నాతోని మాట బంద్ చేసిండు. బువ్వ పెడితే తినుడు, లేసిపోవుడు. పోయేదాంక గట్లనే."

ఆమె చింతపండు తట్టను కొంచెం నా వైపు జరిపింది. నేనూ గింజలు తీయడం మొదలుపెట్టాను.